పిక్కల లెక్క

పలాసలో మా జీడి ఫేక్టరీ కాడ
నూటెనబై అంటే దొరగారి గుండు,
మూడొందలిరవై అంటే సిన్నది, అందరూ కొనేది.
అంకె పెరిగే కొద్దీ పప్పు సిన్నదవుతాది.
పదేళ్ళు పిక్క కొట్టినాను, ఆరేళ్ళుగా గ్రేడు ఏరతన్నాను,
నా కళ్ళు ఈ లెక్కకే అలవాటు పడిపోనాయి.

ఇంట్లో లెక్క యేరు.
మా ఢిల్లేశ్వరి ఏలు గుచ్చుకుని సుక్క తీస్తే
మిసను మూడొందలిరవై అందనుకో,
నా కాళ్ళ కింద నేల కదిలిపోతాది.

పదేళ్ళప్పుడు పట్టుకున్నాది దానికీ సుగరు.
శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో డాట్రమ్మ
బత్తాయి పండు మీద సూది ఎయ్యడం నేర్పింది నాకు.
మూడేళ్ళు నానే ఏసినాను,
పొట్ట మీద ఓ పూట, తొడ మీద ఓ పూట.
తడి ఇసకలో ఎట్టిన కుండలోంచి మందు బుడ్డి తీసి
అరిసేతుల మద్దిని దొర్లించి,
అది నా కూతురు జొరం అన్నట్టు ఊదుకుంటా.

పదమూడు నిండగానే సూది లాక్కున్నాది.
"నా ఒళ్ళు. నేనే చేసుకుంటాను."
తలుపేసుకున్నాది.
పుస్తకం మాత్రం రోజూ బల్ల మీద ఎట్టేది:
నూటిరవై. నూటిరవై రెండు. నూట పద్దెనిమిది. నూటిరవై.
నెలంతా.

దాలయ్య మురిసిపోనాడు,
"సూడు, గుంటది ఎంత బాగా సూసుకుంటందో."
నాను మురవలేదు.
బస్తా ఇప్పి కుమ్మరిస్తే నాకు తెలుస్తాది,
ఏ సెట్టూ అన్నీ ఒకే సైజు పిక్కలు కాయదు.
ఒకే సైజుంటే
ఎవరో ముందే ఏరినట్టు.

అడగలేదు. అడిగుంటే బాగుండును.

ఆ శనోరం రాత్రి మంచినీళ్ళకి లేస్తే
పిల్ల సెమటలో నానిపోయి, నన్ను పోల్చుకోలేక
"అత్తా, బస్సెళ్ళిపోతాది" అంటంది.
పంచదార డబ్బా మూత రాలేదు. పళ్ళతో లాగినాను.
సెంచా దొరకలేదు. ఏలితోనే సిగుళ్ళకి రాసినాను,
జీడి సమురుకి నల్లబడి
రేసన్ మిసను కూడా గుర్తుపట్టని ఈ ఏలితోనే.

తెల్లారి మంచం కోడు గిల్లుతా సెప్పింది:
"నిజం రాస్తే నువ్వు నిద్రపోవు కదమ్మా.
ఆరింటికి పనికెళ్ళాలి కదా నువ్వు."

నాకు కోపం రావాల. వొచ్చింది కూడా.
ఎవరి మీదో తెలీలేదు.

"నీ వేలు ఇలాగియ్యి" అన్నాది.
కొత్త సూదెక్కించి ఒకటి మీదెట్టి గుచ్చింది. రాలేదు.
మూడు. రాలేదు.
ఐదు మీదెట్టినాక పొటుక్కున ఒక సుక్క.
"ఇది తోలా, జీడిపిక్క డొల్లా?"
ఏడుస్తానే నవ్వినాం. నాది నూట నాలుగు.

ఇప్పుడు పంచుకున్నాం.
సూది దానిది, పుస్తకం దానిది.
కుండ కింద ఇసక తడపడం దాలయ్యది, మరిసిపోతాడు, తిట్లు తిని తడుపుతాడు.
రాత్రి రెండు గంటలు నాది.
లోపల గడియ ఎయ్యకూడదు, అది నా మాట.
నాను తలుపు తియ్యకూడదు, అది దాని మాట.
గోడ మీద రెండు దెబ్బలు కొట్టాల నాను,
అట్నించి ఒకటి రావాల.

పుస్తకం నిండా గతుకులే ఇప్పుడు:
డెబ్బై నాలుగు. రెండొందల ముప్పై ఒకటి.
మూడొందల తొమ్మిది పక్కన సిన్న సిన్న అచ్చరాలు,
దాలయ్య సేత సదివించుకున్నాను:
"హేమ పుట్టినరోజు. కేకు. రెండు ముక్కలు."
ఆ రెండో ముక్క కాడ గొడవైంది. పెద్ద గొడవే.
మూడ్రోజులు మాటల్లేవు,
గోడ దెబ్బలు మాత్రం ఆగలేదు.

నిన్న రాత్రి కొట్టినాను. రాలేదు.
మళ్ళీ కొట్టినాను.
విశాఖ ఎల్లే బండి ఏదో స్టేసన్లో కూతేసి ఆగింది.
తలుపు మీద సెయ్యేసినాను,
తొయ్యబోతన్నాను,
అప్పుడొచ్చింది నిద్రమత్తులో ఒకటి.
ఆనక కసిగా
ఇంకో నాలుగు.